మావాడి సంగతి

"నా సంగతి కాదు మేడం, మావాడి సంగతి," అన్నాడు యల్లమంద, కుర్చీ అంచున కూర్చుంటూ.

మాధురి చేతిలోని ఫైలు మూసేసింది. రాజుపాలెం దగ్గరి ఆ స్పిన్నింగ్ మిల్లులో వెల్ఫేర్ ఆఫీసరుగా ఆమె చేరి మూడు నెలలైంది. కార్మికుల మనసు బాగోగులు చూడటానికని యాజమాన్యం కొత్తగా వేసిన ఉద్యోగం అది. ఒక గది ఇచ్చి, తలుపు మీద 'రండి, మాట్లాడుకుందాం' అని బోర్డు పెట్టారు. ఇన్నాళ్ళలో ఆ తలుపు తోసుకుని వచ్చిన మొదటి మనిషి యల్లమంద.

"చెప్పండి. ఏమైంది మీవాడికి?"

"నిద్ర పోవట్లా. ముద్ద ముట్టట్లా. మిషను ముందు నిలబడి ఎటో చూస్తా ఉంటాడు. నిన్న రాత్రి షిఫ్టులో ఎదురుగా దారాలు తెగిపోతన్నా కదల్లేదు. భుజం పట్టుకుని కుదిపితే అప్పుడు ఈ లోకంలోకొచ్చాడు."

"పేరేమిటి?"

"అది మాత్రం అడగమాకండి. బయటికొస్తే పిచ్చోడని గేటు బయట పెడతారు. పోయినేడు ఒకడిని అట్టనే పంపిచ్చారు."

మాధురి అతన్ని తేరిపార చూసింది. నలభై దాటిన మనిషి. కళ్ళు ఎర్రబడి లోతుకు పోయాయి. గడ్డం మాసింది. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. శిక్షణలో చెప్పిన మాట ఆమెకు గుర్తొచ్చింది. తన బాధ తనదని చెప్పుకోలేనివాడు స్నేహితుడి మీద పెట్టి చెబుతాడు. 'అది మీరే కదా' అని మొహం మీద అనకూడదు. అంటే మళ్ళీ రాడు.

"ఇది పిచ్చి కాదని మీవాడికి చెప్పండి," అంది నెమ్మదిగా. "జ్వరం లాంటిదే ఇది కూడా. తగ్గుతుంది."

"చెప్తా మేడం," అన్నాడు అతను. తల తిప్పుకుని కళ్ళు తుడుచుకోవడం ఆమె కంటపడింది.

ఆ తర్వాత రోజు విడిచి రోజు, షిఫ్టు దిగగానే వచ్చేవాడు.

"మీరు సరిగ్గా తింటున్నారా?" అని అడిగిందొకసారి.

"వాడు తినకుండా కూసుంటే నాకు మాత్రం ఏం దిగుద్ది?"

"నిద్ర?"

"వాడు కునుకు తీసేదాకా పక్కన ఉండాలి గదా మేడం."

తిండి లేదు, నిద్ర లేదు అని రాసుకుంది మాధురి.

మూడో వారంలో ఒకరోజు తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు. "నేను లేకపోతే ఎవరికి నష్టం అంటన్నాడు మేడం. డాక్టరు దగ్గరికి పోదాం రారా అంటే రానంటాడు. నాకు భయమేస్తంది."

మాధురి ఫైలు చేతిలోకి తీసుకుని లేచింది. తిన్నగా షిఫ్టు ఇన్‌చార్జి గోపాలకృష్ణ దగ్గరికి వెళ్ళింది.

"యల్లమందకా?" ఆయన నమ్మలేదు. "వాడికేంది మేడం, రాయిలాంటి మనిషి. తనే చెప్పాడా?"

"నోటితో చెప్పలేదు. చెప్పినట్టే. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు సార్."

రెండు రోజులు పోట్లాడితే రెండు వారాల సెలవు, తర్వాత పగటి షిఫ్టు, డాక్టరు ఖర్చు మిల్లుదే అని ఒప్పుకున్నారు. ఉద్యోగంలో చేరాక ఆమె సాధించిన మొదటి పని అది.

యల్లమంద మాత్రం బిత్తరపోయాడు. "నాకెందుకు మేడం సెలవు? నేను మా ఊరు ఈపూరు పోతే గదిలో వాడి దగ్గర ఎవరుంటారు?"

"వాడిని నేను చూసుకుంటాను. మీరు ఇంటికి వెళ్ళి, కడుపునిండా తిని, పిల్లలతో ఉండండి."

"నిజంగా చూసుకుంటారా?"

"నిజంగా."

అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అయితే ఇంక దాపరికమేంది. మిమ్మల్ని నమ్మి చెప్తన్నా. వాడి పేరు..."

"వద్దు," అంటూ చెయ్యెత్తి ఆపింది మాధురి. అతని నోటితోనే ఆ మాట అనిపించి సిగ్గుపడేలా చెయ్యడం ఆమెకు ఇష్టం లేదు. "పేరు అక్కర్లేదు. నాకు తెలుసు."

"తెలుసా?" అతని మొహం ఒక్కసారిగా తేటపడింది. "అమ్మయ్య. చానా బరువు దించారు మేడం."

ఆ సాయంత్రమంతా ఆ మాటే ఆమె చెవుల్లో మోగింది.

అయిదో రోజు ఈపూరు నుంచి ఫోను చేశాడు. "మావాడు ఎట్టున్నాడు మేడం? ఫోనెత్తట్లా."

నిద్రపోయి లేచినవాడి గొంతు. నెల రోజుల్లో అంత నిమ్మళంగా అతను మాట్లాడటం ఆమె వినలేదు.

"కోలుకుంటున్నాడు," అంది నవ్వుతూ. "నాకు బాగా తెలుస్తోంది. మీరు నిశ్చింతగా ఉండండి."

తొమ్మిదో రోజు పొద్దున ఆమె వచ్చేసరికి గేటు దగ్గర పోలీసు జీపు ఉంది. గోపాలకృష్ణ ఎదురొచ్చాడు. 

"క్వార్టర్స్‌లో మేడం. ఏడో నంబరు గది. తలుపు పగలగొట్టేసరికే ప్రాణం లేదు."

ఏడో నంబరు యల్లమంద ఉండే గది. సెలవు కాగితం మీద తన చేత్తోనే రాసింది ఆమె. ఎప్పుడు తిరిగొచ్చాడు? ఎందుకొచ్చాడు? ఆయన ఇంకేదో చెబుతున్నా ఆగకుండా పరుగెత్తింది.

వరండాలో శవం మీద దుప్పటి కప్పి ఉంది. దాని పక్కన, భుజాన సంచి కూడా దించకుండా, మొదటి బస్సుకి వచ్చిన యల్లమంద చతికిలబడి ఉన్నాడు.

మాధురికి పోయిన ఊపిరి తిరిగొచ్చింది. పక్కన కూలబడి అతని రెండు చేతులూ పట్టుకుంది. "మీరు బాగానే ఉన్నారు! మీకేదో అయిందనుకుని ప్రాణాలు పోయాయి నాకు."

యల్లమంద ఆమెను వింతగా చూశాడు. తర్వాత దుప్పటి వైపు తిరిగాడు.

"మావాడు వీడే మేడం."