కెవ్వుమనని పిల్ల

“ఇవాళ నేను కెవ్వుమనను. నిన్న మీరు మాటిచ్చారు” అంది చినాత్సు.

డైరెక్టర్ ఒనోదెరా నెత్తి గోక్కున్నాడు.

“ఇచ్చాన్లే. కానీ ఆడపిల్ల రాక్షసుణ్ణి ఎత్తి విసిరితే టీవీ చూసేవాళ్ళు నమ్మద్దూ?”

“పేరుకి అంతరిక్ష దళంలో సైనికురాలిని. ఏడు వారాలుగా రాక్షసుడొస్తాడు, నేను అరుస్తాను, హీరో కాపాడతాడు. ఇంట్లో మా చెల్లెలే నవ్వుతోంది!”

“సరే, ఒక్కటే టేకు. పేలుడు మందు ఒక్కసారికే ఉంది. తేలిపోయిందా, పాత సీనే తీస్తా. ఇంక జన్మలో అడక్కు.”

రోజూ రాక్షసుడి వేషం కట్టే కుర్రాడు రాలేదు. ఇవాళ ఎవరో మిసావో గారట, చెయ్యి తిరిగిన పాతకాలపు మనిషట. చినాత్సు షూటింగ్ జరిగే రాళ్ళ క్వారీకి వచ్చేసరికే రబ్బరు తొడుగులో దూరి, బండమీద కూర్చుని ఉన్నారు.

చినాత్సు భయంభయంగా ఆ విసురుని గాల్లో సాధన చేస్తోంది.

“చేతులతో లాగకు. నడుం తిప్పు. మిగతాది నేను చూసుకుంటా” అంటూ రబ్బరు లోంచి బొంగురు గొంతు వినపడింది.

ఆ పిల్లకి ముక్కుమీద కోపం.

“జాలిపడి పడిపోనక్కర్లేదు. మీ మగాళ్ళ దయ ఏడు వారాలు చూశాను, చాలు!”

లోపల కిసుక్కుమన్న నవ్వు.

“జాలా? ఈ తొడుగే ముప్పై కిలోలు. సరిగ్గా విసరకపోతే నీ మీదే పడతా. పచ్చడైపోతావ్.”

చినాత్సుకీ నవ్వొచ్చింది. భయం సగం దిగింది.

“యాక్షన్!”

రాక్షసుడు మీదికొచ్చాడు. చినాత్సు వాడి చెయ్యి దొరకబుచ్చుకుని, నడుం తిప్పి, ఒక్క కేక పెట్టింది. కెవ్వు కాదు, పోట్లాట కేక. అంత భారీకాయమూ గాల్లో గిర్రున తిరిగి వెల్లకిలా రాళ్ళమీద పడింది. వెనక మందు భగ్గుమంది.

ఒనోదెరా ‘కట్’ చెప్పడం కూడా మర్చిపోయాడు.

“నేనే నమ్మేశానే! వచ్చే వారం నుంచి నీ అరుపులన్నీ కొట్టేస్తున్నా, ఫో!”

అందరూ చినాత్సు చుట్టూ మూగారు. విసిరిన చేతికే చప్పట్లు. పడ్డ మనిషిని ఎవరు చూస్తారు? ఆ మనిషి కుంటుకుంటూ బండల వెనక్కి వెళ్ళడం చినాత్సు కూడా గమనించలేదు.

సంబరం చల్లారాక గుర్తొచ్చి సిగ్గుపడింది. రెండు టీ క్యాన్లు పట్టుకుని పరిగెత్తింది. వేషాలు చూసుకునే ముసలి తోకుజి తొడుగుని ఎండలో ఆరేస్తున్నాడు.

“తాతా, మిసావో గారేరి? మగాళ్ళు బట్టలు మార్చుకునే బస్సులో లేరే!”

“ఇంకెక్కడమ్మా! మోకాలికి కట్టు కట్టుకుని రైలుకి వెళ్ళిపోయారు. మోకాళ్ళు అరిగి రెండేళ్ళ కిందటే మానేశారు. రాత్రి ఫోన్ చేసి, ఇవాళ ఆడపిల్ల రాక్షసుణ్ణి విసిరే సీను అని చెప్పాను. ఎవరొద్దన్నా ఆగకుండా వచ్చేశారు.”

“ముక్కూ మొహం తెలీని నా కోసం అంత పెద్దాయన ఎందుకొచ్చారు తాతా?”

తోకుజి తొడుగు మీది దుమ్ము దులిపాడు.

“ఆయన కాదమ్మా, ఆవిడ. పాతికేళ్ళ కిందట ఆవిడా నీలాగే పోట్లాడతానని అడిగితే, ‘ఆడదాని మొహం చూస్తూ ఎవరూ నమ్మరు’ అన్నారని, మొహం కనపడని వేషంలో దూరింది.”