కిటికీలో పుదీనా

ఉదయం పదింపావుకు కువైట్‌లోని హవల్లీలో ఒక భవనం మూడో అంతస్తులో పోలీసులు వెంకటేశ్వరిని పట్టుకున్నారు. ఆమె చేతిలో కుబ్బూస్ రొట్టెల సంచి ఉంది. ఆ దేశంలో ఉండడానికి కావలసిన అనుమతి కార్డు, ఇఖామా, లేదు.

నాలుగు రోజుల తర్వాత ఆ భవనం వాచ్‌మన్ హుస్సేన్ పీరా ఆమె బట్టలు తీసుకుని నిర్బంధ కేంద్రానికి వెళ్ళాడు. ఇద్దరిదీ రాయచోటి వైపే.

"మామా తింటాందా?" అంది వెంకటేశ్వరి.

"కొడుకొచ్చినాడులే. నీ సంగతేంది?"

"వేలిముద్రలు తీసుకున్న్యారు. ఇంటికి పంపించినాక మళ్ళా ఈ దేశం రాలేను. ఖలాస్."

"మీ పాప నర్సింగు చదువు?"

"ఇంగో ఏడాది ఉంది."

మామా అంటే వెంకటేశ్వరి పనిచేసే ఇంటి యజమానురాలు. పేరు గెర్డా. జర్మనీలో పుట్టింది. కువైటీని పెళ్ళాడి ఇక్కడే ముసలిదైంది. తండ్రి హాంబర్గ్ ఓడల కార్ఖానాలో వెల్డరు. తోటి కార్మికులతో కలిసి హిట్లర్‌కు వ్యతిరేకంగా కరపత్రాలు పంచేవాడు. ఇంటికి పోలీసులొస్తే కిటికీలోని పూలకుండీ తీసేయాలి. అది చూసి ఆయన వీధిలోంచే వెళ్ళిపోవాలి. ఆ పని ఆరేళ్ల గెర్డాది. ఒక సాయంత్రం పోలీసులొచ్చారు. ఇంట్లో గెర్డా ఒక్కతే. కుండీ తీసింది. అయినా తండ్రి మెట్లెక్కి వచ్చాడు. వాళ్ళు తీసుకెళ్ళాక మళ్ళీ రాలేదు.

"నాన్న ఆ రోజు పైకి చూడలేదు" అని గెర్డా ఎనభై ఏళ్లుగా చెబుతోంది.

వీసా ఇచ్చిన కఫీల్ కొడుతుంటే అతని ఇంటి నుంచి పారిపోయి వచ్చిన వెంకటేశ్వరికి ఆమె పని ఇచ్చింది. కిటికీలో పుదీనా కుండీ పెట్టించింది. అది కనబడితేనే పైకి రమ్మంది.

"పుదీనా చట్నీ నూరిన రోజు యాడికి పోతావక్కా?" అని పీరా ఆటపట్టించేవాడు.

"కుండీని కూడా నూరుతారా నాయనా?" అనేది వెంకటేశ్వరి.

ఇప్పుడు పీరా నవ్వలేదు.

"పోలీసులు నన్ను ముందర పెట్టుకుని పైకి పోయినారు. నీకు చెప్పేదానికి లేకపాయె. వాళ్ళ టోపీలు చూసి ముసలామె వణికింది. వణుకుతానే కుండీ దించింది. నువ్వు లోపలికొచ్చినాక ఒకటే ఏడుపు. 'వెంకటేశ్వరి కూడా పైకి చూడలేదు' అంటాది."

వెంకటేశ్వరి అతను తెచ్చిన బట్టలు సంచిలో సర్దుకుంది.

"ఒక్కసారి తలెత్తి చూసింటే అట్నే నడుచుకుంటా పోయేదానివి. ఈపాటికి అర్దియాలో మా చెల్లెలింట్లో ఉండేదానివి."

ఆమె బట్టల సంచి ముడి వేసింది.

"చూసే ఎక్కినాను పీరా, పైన మామా ఒక్కతే ఉంది గదా."