దొంగ కేక

"బాబోయ్, మెమరీ నిండింది, పరిగెత్తండి!"

నేను తుడిచే ఆఫీసులో సర్వర్లకు కాపలా ఉండే కంప్యూటర్ మళ్లీ అరిచింది. గొంతు మా అబ్బాయిది. ఇక్కడ పనిచేసేటప్పుడు సరదాకి పెట్టాడు. మేనేజరు ఒంటి బూటుతో పరిగెత్తాడు. తీరా చూస్తే బోలెడు ఖాళీ. సర్వరు కాసేపు వాడుకుని, అడగ్గానే ఇచ్చేసే చోటునీ అది నిండినట్టే లెక్కేస్తుందట.

"బాగుచేసేశా, పిన్నీ! ఇక దొంగ కేకలుండవు," అంది కొత్త ఇంజనీరమ్మాయి.

నా చీపురు ఆగిపోయింది. "అస్సలు అరవదా?"

"నిజంగా నిండితేనే. ఏడాదికోసారేమో."

"వాడు పోయాక ఆ గొంతు ఇక్కడే వింటున్నాను, తల్లీ."

పిల్ల కంప్యూటర్ వైపు తిరిగి మళ్లీ ఏదో మార్చింది.

సాయంత్రం టీ వేళకి మా అబ్బాయి కేక విని మేనేజరు మళ్లీ పరిగెత్తాడు. ఈసారి రెండు బూట్లూ వదిలేసి.