రాగి గొట్టం

"ఈపాలి సబ్బుముద్దతో కుదరదమ్మా. పెట్రోలు గొట్టం పుచ్చిపోనాది. పీకేసి రాగిది ఏసెత్తాను," అన్నాడు పోతురాజు కారు కింద నుంచే.

తాయారమ్మ షెడ్డు గుమ్మంలోంచి రెండడుగులు ముందుకేసింది.

"సబ్బుకేం వచ్చింది? కారినప్పుడల్లా నువ్వొచ్చి మెత్తుతున్నావు, అది ఆగుతోంది."

"పెట్రోలమ్మా! సెలగాటమేటి? రాగిదైతే మరి నానొచ్చే పనే ఉండదు."

ఆ ముక్కే ఆవిడకు నచ్చలేదు. భర్త పోయాక ఆ కారు షెడ్డు గడప దాటలేదు. దాని పుణ్యాన సాలూరు నుంచి పోతురాజు బస్సులో వచ్చి, ఇంజను ఓమారు తిప్పి, లారీల కబుర్లు చెప్పి పోతుంటాడు. మిగతా రోజుల్లో ఆ ఇంట్లో నోరు విప్పేది గోడగడియారం ఒక్కటే. అదీ గంటకోసారి.

మధ్యాహ్నానికి గొట్టం బిగిసింది. ఇంజను తిప్పి చూపించాడు. చుక్క కారలేదు. కారకపోతుందా అని ఆవిడ వంగి మరీ చూసింది.

చేతులు కడుక్కోమని కొత్త గంధం సబ్బు ఇచ్చి, విస్తరి వేసింది. నూతి దగ్గరికి వెళ్లినవాడు, షెడ్డులో పనిముట్లు సర్దుకుని ఎంతకో వచ్చి కూర్చున్నాడు. సబ్బు సగానికి సగం తరిగింది. చేతులకి మసి మాత్రం అలాగే ఉంది.

"ఇంత ఆలస్యమైతే ఇంటి దగ్గర ఎదురుచూడరూ?"

"మా ఇంటికాడ ఎదురుసూసేది తాళంకప్పే కదమ్మా," అని నవ్వి, రెండోసారి పులుసు పోయించుకున్నాడు.

సంచీ భుజాన వేసుకుని, "వత్తానమ్మా," అన్నాడు.

"రాగిది వేశావుగా, ఇంకెందుకొస్తావులే."

అతను చెప్పులు తొడుక్కుని వీధిలోకి నడిచాడు.

బస్సు హారను వినబడి, దూరమైపోయింది. తాయారమ్మ వీధి తలుపు గడియ పెట్టింది. చూసేవాళ్లెవరూ లేకపోయినా అటూ ఇటూ చూసింది. భర్త పానా తీసుకుని, చీర కుచ్చెళ్లు దోపి, కారు కిందికి దూరింది. గొట్టం నట్టు కాస్త వదులు చేస్తే చాలు, నెల తిరక్కుండా మళ్లీ కబురు పెట్టొచ్చు.

చీకట్లో తడిమి నట్టు పట్టుకుంది. పానాతో పనిలేకుండానే అది వేళ్లకి గిర్రున తిరిగింది. దాని చుట్టూ, కమ్మగా గంధం వాసన వేస్తూ, తరిగిపోయిన సగం సబ్బు.