నెస్టర్‌కు సెలవు

ఓరెస్ట్ ట్రైలర్ గొట్టాల్లోని నీళ్ళు వదిలేసి, చలికి గడ్డకట్టని గులాబీరంగు మందు పోస్తున్నాడు. సోమవారం ప్రయాణం. కారు వెనక ట్రైలర్ తగిలించుకుని కెనడాలోని సస్కాచవాన్ నుంచి అమెరికాలో వెచ్చగా ఉండే అరిజోనా దాకా. రిటైరైనప్పటి నుంచి ప్రతి చలికాలం ఇదే వరస.

కంచె అవతల నుంచి పక్కింటి నెస్టర్ పలకరించాడు. ఓరెస్ట్ దంపతులు ఊళ్ళో లేనప్పుడు ఇంట్లో నీళ్ళ గొట్టాలు గడ్డకట్టకుండా చూసి పోయేది అతనే.

"ఈసారి నాకు సెలవటగా! తాళంచెవి తిరిగిచ్చేయమంది మీ ఆవిడ."

"ఎందుకట?"

"నన్నడుగుతావేం? ఆవిణ్ణే అడుగు." నెస్టర్ నవ్వాపుకుంటూ లోపలికి పోయాడు.

ఆ నవ్వు ఓరెస్ట్‌కు నచ్చలేదు. భార్య పోయాక ఈ మనిషికి సోకు మరీ ఎక్కువైంది.

అనుమానం పెనుభూతం. ఈపాటికి ఏటా ఖాళీ అయ్యే ఫ్రీజర్ ఈసారి నిండుగా ఉంది. భార్య స్టెఫా బంగాళాదుంప కూరిన పెరోగీ కుడుములు చేసి, ఒక్క మనిషికి సరిపడా పొట్లాలు కట్టి కుక్కింది. ఇంటి హీటర్ బాగు చేయించింది. నిన్న కర్లింగ్ ఆట క్లబ్బులోంచి నెస్టర్‌తో కలిసి బయటికొచ్చింది. ఆవిడ జన్మలో ఆ మంచు మీద రాయి జారించి ఎరగదు.

పైగా ట్రైలర్‌ను వెనక్కి నడపడం నేర్పమంటుంది. తనూ వస్తున్నట్టు నాటకం కాకపోతే మరేమిటి?

రాత్రి భోజనాల దగ్గర ఓరెస్ట్ చెంచా విసిరికొట్టాడు.

"నిజం చెప్పు. నన్ను పంపించేసి ఇక్కడే ఉండిపోదామనేగా? ఆ నెస్టర్‌గాడితో!"

స్టెఫా తెల్లబోయి, ఆపైన పగలబడి నవ్వింది. "నెస్టరా! వాడి గురక ఇక్కడిదాకా వినిపిస్తుంది, నాకెందుకయ్యా వాడు?"

"నవ్వకు! నీ కీళ్ళనొప్పుల కోసమే కదా ఏటేటా చచ్చినట్టు ఆ ఎడారికి వస్తున్నాను? ఇక్కడి కర్లింగ్ పోయె, స్నేహితులు పోయె. ఇప్పుడు నువ్వూ లేకపోతే నేనేమైపోవాలి?" అతనికి నిజంగానే భయమేసింది.

స్టెఫా కుర్చీ దగ్గరికి లాక్కుని అతని చెయ్యి పట్టుకుంది.

"ఆదివారం నీ పుట్టినరోజుకి చెబుదామనుకున్నా. ఇన్నేళ్ళుగా ఈ పాట విని విని నాకూ జాలేసింది. అందుకే ఈసారి ట్రైలర్ తోలుకుని నేనూ మా చెల్లీ వెళ్తున్నాం, ఇక్కడ ఉండేది నువ్వే!"