ఈశాన్యం కోత

"ఈశాన్యం తెగింది. గిది ఒద్దు," అన్నాడు జైపాల్, కంప్యూటర్ తెర మీద కనిపిస్తున్న ఉపగ్రహ చిత్రాన్ని వేలితో పొడిచి.

ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల పక్కనున్న ట్రావెల్స్ ఆఫీసులో త్రినాథరావు గంటన్నరగా చూపిస్తున్న సముద్రతీరపు బసలలో ఇది అయిదోది. మొదటిదానికి గేటు దక్షిణాన ఉంది. రెండోదాని మెట్లు సరిసంఖ్యలో ఉన్నాయి. మూడోదాని స్నానాలగది ఉండకూడని మూలన ఉంది. నాలుగోదానిలో బావి తవ్విన చోటు చూసి, "దీని ఓనరు బతికే ఉన్నడా?" అని జైపాల్ చిత్తశుద్ధితో ఆరా తీశాడు. కొత్తపేటలో వాస్తు కోసం సొంత ఇంటి మెట్లను మూడుసార్లు పడగొట్టి, మూడు దిక్కులకు తిప్పి కట్టించుకున్న మనిషికి మూడు రోజుల విహారం కోసం ఈ మాత్రం పరిశోధన అతిగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు.

"తెగడం కాదండీ, కోతండి," అన్నాడు త్రినాథరావు. ఆయనది కోస్తా ఊరు. సముద్రం సంగతి ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. "సముద్రం ఒడ్డుని కోసేస్తోందండి. పోయినేడాది తుఫానుకి ముందు వరుసలో ఉత్తరం వైపున్న నాలుగు కాటేజీలూ ప్రహరీగోడతో సహా వెళ్లిపోయాయి."

"ఎవరు కోస్తే ఏందన్నా? మున్సిపాలిటోళ్లు కోసినా, సముద్రం కోసినా, ఈశాన్యం తెగినట్టే గద."

నాలుగు కాటేజీలు నీళ్లపాలయ్యాయని విన్నవాడు ఎవడైనా మిగిలినవాటి క్షేమం అడుగుతాడు. ఆ ప్రశ్నకు త్రినాథరావు చక్కని సమాధానమొకటి సిద్ధం చేసి పెట్టుకున్నాడు. దాన్ని వినియోగించుకునే భాగ్యం కలగలేదు. 'సముద్రానికి అతి చేరువలో' అని ఆ బసవాళ్లు ప్రారంభోత్సవం నాడు రాసుకున్న ప్రకటన ఇప్పటికీ అలాగే ఉంది. మార్చవలసిన అవసరం రాలేదు. అది ఏటేటా మరింత నిజమవుతూ వస్తోంది.

పక్క కుర్చీలో ఉన్న స్వరూపరాణి భర్త వైపు తిరిగింది.

"నేను ఒక్కటే అడిగిన. పొద్దుగాల కండ్లు తెరిస్తే పక్కమీదికెల్లి సముద్రం కనబడాలె. గంతే. నలభై ఆరేండ్లచ్చినయి, సముద్రాన్ని టీవీల తప్ప చూడలె. నీ దిక్కులు నాకెందుకు?"

"సముద్రం యాడికి పోతది? నడుసుకుంట పోయి చూడు. దిక్కు తప్పి పండుకుంటే సీదా దవాఖానకే."

"మూడు రోజులకా?"

"దిక్కులకు క్యాలెండర్ ఉండదే."

బేరం చేజారిపోతోందని త్రినాథరావుకు అర్థమైంది. ఈ మనిషితో వాదించి లాభం లేదని, అతని శాస్త్రాన్నే శరణు వేడాడు.

"జైపాల్‌గారూ, ఈశాన్యం తెగిన స్థలానికి తూర్పంతా ఒకే గీతలోకి తెచ్చేస్తే దోషం పోతుంది కదండీ?"

జైపాల్ నిటారుగా కూర్చున్నాడు. ఇంతసేపటికి చదువుకున్న మనిషి తగిలాడన్న గౌరవం అతని ముఖంలో కనిపించింది.

"పోతది. మిగిలిన ఆగ్నేయాన్ని గూడ కోసి సీదా చెయ్యాలె. కానీ ఎవరు చేస్తరు?"

"సముద్రం ఆ పని మీదే ఉందండి. ముందు వరుసలో ఆ మూలన ఇక మూడు కాటేజీలే ఉన్నాయి. నీళ్లు వాటి అరుగులదాకా వచ్చేశాయి."

త్రినాథరావు దీన్ని వెటకారంగానే అన్నాడు. జైపాల్ దాన్ని హామీగా స్వీకరించాడు.

"గట్లయితే మంచిదే. పని షురూ అయినంక దోషం లేనట్టే. వెనక వరుసల నైరుతి మూలకు రూమ్ ఉన్నదా?"

"పన్నెండో నంబరు ఖాళీగా ఉందండి. కానీ దాని ముందర ఈ మిగిలిన కాటేజీలే అడ్డం. మేడమ్‌గారేమో సముద్రం కనిపించాలంటున్నారు..."

"యజమాని నైరుతిలనే పండాలె. దసరా సెలవులకు బుక్ చెయ్."

స్వరూపరాణి కుర్చీని ముందుకు జరుపుకొని తెరవైపు వంగింది. పన్నెండో నంబరు గదిని చూసింది. దాని ముందున్న మూడు కప్పులను చూసింది. వాటి అవతలి నీళ్లను చూసింది. త్రినాథరావు రానున్న యుద్ధాన్ని తలచుకొని బల్ల మీది గాజు గ్లాసును మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

"సరే, పన్నెండే తీసుకో," అంది ఆమె. "కానీ దసరాకొద్దు. క్రిస్మస్ సెలవులకు పోదాం. తుఫాన్లన్ని అయిపోయినంక."

జైపాల్ పొంగిపోయాడు. ఆ ఆనందాన్ని భార్యతో కాక త్రినాథరావుతో పంచుకున్నాడు.

"చూసినవా అన్నా? తుఫాన్ల పోవద్దనే తెలివి నాకే తట్టలె. పరేషాన్ చేస్తదనుకున్న. నా తోటి ఉండి ఉండి గిప్పటికి అకల్ అచ్చింది."

మెట్రో స్తంభం కింద నిలిపిన కారును ట్రాఫిక్‌వాళ్లు ఎత్తుకుపోకముందే తెస్తానంటూ అతడు విజయగర్వంతో బయటికి నడిచాడు.

గెలిచినవాడు వెళ్లిపోయాక ఓడినవారి మీద జాలి పుట్టడం సహజం. త్రినాథరావు గొంతు తగ్గించాడు.

"ఇంకోసారి ఆలోచించండమ్మా. గట్టి రాతికట్ట ఉన్న ఒడ్డున వేరే గది చూపిస్తాను, ఆయనకి నేను నచ్చజెబుతాను. ఈ పన్నెండో నంబర్లో మీరు పొద్దున్నే కళ్లు తెరిస్తే ఎదురుగా ముందు కాటేజీ వెనక గోడ తప్ప ఇంకేం కనిపించదండి."

స్వరూపరాణి లేచి, చేతిసంచీ భుజానికి తగిలించుకుంది.

"డిసెంబర్‌ల గా గోడ యాడుంటదన్నా?"