మలుపులో ఎర్ర టార్చి

సరిహద్దుకు అవతలున్న క్లోన్స్ ఊళ్లో శవజాగారానికి వెళ్లి తిరిగొస్తున్నాం. కారు నడుపుతున్నది మా అక్క కూతురు ఓర్లా. దారంతా నేను, బ్రిటన్ పాలనలోని మా వైపుకూ క్లోన్స్ వైపుకూ మధ్యనున్న ఆ సరిహద్దు గురించే గొణుగుతున్నాను. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటకు పోయిన దగ్గర్నుంచీ అక్కడ మళ్లీ గేట్లు పెట్టరని నాకు ఎవరి మీదా నమ్మకం లేదు.

"నీ చాదస్తం గానీ మావయ్యా, గేటూ లేదు, గాడిదగుడ్డూ లేదు. మళ్లీ ఎవరొచ్చి పెడతారు?" అంది.

వంతెన దాటాక మలుపులో కారు ఆపేసింది. హెడ్‌లైట్లు తగ్గించింది. లోపలి లైటు వేసి, అద్దం దించి, రెండు చేతులూ కనబడేలా స్టీరింగ్ మీద పెట్టింది.

ఒకప్పుడు ఇక్కడ బ్రిటన్ సైనికుల తనిఖీ కేంద్రం ఉండేది. మేమంతా అచ్చం అలాగే ఆపేవాళ్లం. దాన్ని కూల్చేసేనాటికి ఓర్లా పుట్టనే లేదు.

"ఇవన్నీ నీకెవరు నేర్పారే?"

"నేర్పడమేంటి? ఎర్ర టార్చి ఊపుతున్న ఆయన చెప్తున్నాడుగా!"

పోకిరీ వెధవలెవరైనా ఆటపట్టిస్తున్నారేమోనని కళ్లు చిట్లించి చూశాను. తడిసిన రోడ్డు, ముళ్లకంచె తప్ప ఏమీ లేవు. ఇంజను ఆగిపోయింది. వంతెన కింద నీళ్ల చప్పుడు కూడా వినబడలేదు.

"సైనికుడా, ముసుగువాడా? సరిగ్గా చూడు!" అన్నాను. ఆ రోజుల్లో బ్రిటన్ సైనికులూ, వాళ్లతో పోరాడే ముసుగు తిరుగుబాటుదారులూ, ఇద్దరూ ఎర్ర టార్చితోనే ఆపేవాళ్లు. ఒకరికి చెప్పాల్సిన జవాబు ఇంకొకరికి చెప్తే ఇల్లు చేరేవాళ్లం కాదు.

"మొహం కనబడట్లేదు. ఎక్కణ్ణించి వస్తున్నారని అడుగుతున్నాడు."

"నువ్వే ఏదో ఒకటి చెప్పు."

ఓర్లా నావైపు తిరిగింది.

"నన్ను కాదు మావయ్యా. నిన్ను, పేరు పెట్టి అడుగుతున్నాడు."